కాంట్రాక్టర్ ఎగ్గొట్టిన బాకీ మీ ఇంటి మీదికి రాకుండా: టెక్సస్‌లో ఇంటి పని చేయించేవాళ్లకు

"డబ్బులన్నీ కట్టేశాం కదా అక్కా, మళ్లీ మేమెందుకు కట్టాలి?"

ప్లేనోలో ఒక టైటిల్ ఆఫీసులో (ఇల్లు చేతులు మారేటప్పుడు దాని మీద బాకీలు, చిక్కులు ఉన్నాయేమో రికార్డుల్లో వెతికే చోటు) ఎస్క్రో పని, అంటే కాగితాలు, డబ్బు లెక్కలు చూస్తాను. మనవాళ్ల నోట నేను తరచూ వినే మాట ఇది. ఇల్లు అమ్మడానికో, రీఫైనాన్స్ చేసుకోవడానికో వస్తారు. మేం కౌంటీ రికార్డులు వెతుకుతాం. మేమిచ్చే టైటిల్ కమిట్‌మెంట్ అనే రిపోర్టులో షెడ్యూల్ సి అని ఒక భాగం ఉంటుంది. క్లోజింగ్ (అమ్మకమో లోనో పూర్తయ్యే రోజు) లోపల ఏమేం తేల్చుకోవాలో అందులో వస్తుంది. వాళ్లు ఎన్నడూ పేరు కూడా వినని కాంక్రీటు కంపెనీ ఏదో పదమూడు వేల డాలర్లకు లీన్ (బాకీ వసూలుకి ఇంటి మీద పెట్టే హక్కు) వేసినట్టు అక్కడ కనిపిస్తుంది. వీళ్లు కాంట్రాక్టర్‌కి ఒక్క డాలర్ బాకీ లేరు. కాంట్రాక్టరే ఆ కంపెనీకి కట్టలేదు.

మా తెనాలిలో ఇల్లు కట్టించినప్పుడు సిమెంటు, ఇసుక, ఇనుము నాన్నే కొన్నారు. మేస్త్రికి శనివారం శనివారం లెక్క చూసి ఇచ్చేవారు. మేస్త్రి తన కూలీలకు ఎగ్గొడితే వాళ్లు వెళ్లి మేస్త్రి మీద పడతారు, మహా అయితే మన గేటు ముందు నాలుగు కేకలేస్తారు. కోర్టుకెక్కి డిక్రీ తెచ్చుకుంటే తప్ప మన ఇంటి ఈసీలోకి ఆ బాకీ ఎక్కదు. ఇక్కడ ముందుగా కోర్టు అక్కర్లేదు. ప్రమాణం చేసిన అఫిడవిట్ ఒకటి కౌంటీ క్లర్క్ ఆఫీసులో ఫైల్ చేస్తే లీన్ రికార్డుకెక్కుతుంది. అందులో రాసింది నిజమా, కాదా అని క్లర్క్ విచారించరు. అది చెల్లదని తేల్చుకునే తలనొప్పి ఇంటివాళ్లదే.

అందుకే కాంట్రాక్టర్‌కి ఎంత కట్టారన్నది సగం సంగతే. ఎంత చేతిలో ఆపుకున్నారు, ఏ కాగితం తీసుకుని కట్టారు అన్నది మిగతా సగం. నేను లాయర్‌ని కాదు, ఈ కాగితాలతో రోజూ గడిపే మనిషిని. లీన్ ఇప్పటికే పడిపోయి ఉంటే లాయర్‌ని కలవాల్సిందే. అక్కడిదాకా రాకుండా చూసుకోవడం గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

లీన్ వేసే ఈ హక్కు టెక్సస్ రాజ్యాంగం 16వ ఆర్టికల్, 37వ సెక్షన్‌లోనే ఉంది. వివరాలన్నీ ప్రాపర్టీ కోడ్ 53వ అధ్యాయంలో ఉన్నాయి. 2021లో ఆ అధ్యాయాన్ని బాగా మార్చారు. 2022 జనవరి 1 నుంచి కుదిరిన అసలు కాంట్రాక్టులకు (యజమానికీ కాంట్రాక్టర్‌కీ మధ్యవి) కొత్త లెక్కలు వర్తిస్తాయి. నెట్‌లో వెతికితే పాత గడువులు చెప్పే రాతలు ఇంకా బోలెడు కనిపిస్తాయి, వాటిని పట్టుకుని తేదీలు లెక్కేసుకోకండి.

సంతకం పెట్టకముందు

మీరు కాపురం ఉంటున్న ఇల్లు మీ హోమ్‌స్టెడ్. దీనికి సిటిజన్ కానక్కర్లేదు, హెచ్1బీ మీద ఉన్నా హోమ్‌స్టెడే. క్రెడిట్ కార్డు బాకీలాంటివాటికి టెక్సస్‌లో ఈ ఇంటి జోలికి రాలేరు. ఇంటి పని బాకీకి మాత్రం రాగలరు, అదీ కొన్ని షరతులు పాటిస్తేనే. పని మొదలుపెట్టకముందే, సరుకు దింపకముందే కాంట్రాక్టు రాతపూర్వకంగా ఉండాలి. పెళ్లయినవాళ్లయితే భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి. ఆ కాంట్రాక్టుని ఇల్లున్న కౌంటీ క్లర్క్ దగ్గర ఫైల్ చేయాలి. ఉన్న ఇంటికి మరమ్మతో రినొవేషనో అయితే ఇంకా కట్టుదిట్టం. అప్పు మీద చేయించే పనికి రాతపూర్వకంగా అప్లై చేశాక అయిదో రోజుకంటే ముందు కాంట్రాక్టు మీద సంతకం చేయకూడదు, సంతకం పెట్టాక మూడు రోజుల్లో రద్దు చేసుకునే వీలుండాలి, ఆ సంతకాలు కూడా అప్పిచ్చేవాళ్ల ఆఫీసులోనో, లాయర్ ఆఫీసులోనో, టైటిల్ కంపెనీలోనో జరగాలి. అప్పుడప్పుడూ కిచెన్ రీమోడల్ కాగితాలు పట్టుకుని జంటలు మా ఆఫీసుకి వచ్చేది ఇందుకే.

ఇక్కడ మనవాళ్లు ఒకచోట తికమకపడతారు. ఇల్లు కొన్నప్పుడు ఆవిడ హెచ్4 మీద ఉండి ఉంటుంది, లోనూ డీడూ ఆయన పేరు మీదే ఉంటాయి. "ఆవిడ పేరు డీడ్ మీద లేదుగా, ఆవిడ సంతకం ఎందుకండీ?" అంటారు. హోమ్‌స్టెడ్ విషయంలో డీడ్ మీద ఎవరి పేరుందన్నది కాదు చూసేది. ఆవిడ భార్య అయితే ఆవిడ సంతకం కావాలి. చట్టం బాగా తెలిసిన కాంట్రాక్టర్ అయితే ఇద్దరి సంతకాలకూ పట్టుబడతాడు, తర్వాత కాంట్రాక్టుని ఫైల్ చేస్తాడు. అతను మోసం చేస్తున్నాడని కాదు. మీ ఇంటి మీద పూర్తి లీన్ హక్కు తెచ్చుకుంటున్నాడు. సబ్ కాంట్రాక్టర్లు (కాంట్రాక్టర్ కింద పని చేసేవాళ్లు), సరుకు ఇచ్చినవాళ్లు వేసే లీన్ కూడా ఆ అసలు కాంట్రాక్టు సరిగ్గా ఉంటేనే హోమ్‌స్టెడ్ మీద నిలుస్తుంది. అందుకని ఇద్దరి సంతకాలతో ఉన్న కాంట్రాక్టు చేతికిస్తే అది మామూలు కొటేషన్ కాదని గుర్తుపెట్టుకోండి, ప్రతి పేజీ చదవండి.

అలాగని "సంతకాల్లేవు, ఫైలింగ్ లేదు, కాబట్టి నాకేం భయం లేదు" అని కూర్చోకూడదు. చెల్లని లీన్ కూడా రికార్డులో కనపడుతుంది. అది తొలగేదాకా కొనేవాళ్ల లోను ముందుకు కదలదు.

కాంట్రాక్టర్ మీకు ఇవ్వాల్సిన కాగితాలు రెండున్నాయి. అడక్కపోతే చాలామంది ఇవ్వరు. మొదటిది డిస్‌క్లోజర్ స్టేట్‌మెంట్: ఇంటి యజమానిగా మీ హక్కులు, బాధ్యతలు చెప్పే కాగితం. అందులో ఏం రాయాలో చట్టంలోనే ఉంది, కాంట్రాక్టు మీద సంతకం అవ్వకముందే అది మీ చేతికి రావాలి. ఇవ్వలేదు కాబట్టి లీన్ చెల్లదు అనుకోవడానికి మాత్రం లేదు, చట్టం ఆ మాట కూడా స్పష్టంగానే చెప్పింది. రెండోది సబ్ కాంట్రాక్టర్లు, సప్లయర్ల లిస్టు: పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లతో. కొత్తవాళ్లు చేరితే కొత్త లిస్టు ఇవ్వాలి. లిస్టు అక్కర్లేదని మీరు రాసిచ్చే వీలు కూడా చట్టంలో ఉంది. కొందరు ఆ మాటని కాంట్రాక్టు చివర్లో చిన్న అక్షరాల్లో దూర్చేస్తారు. ఆ లైను కొట్టేయించండి. ఈ లిస్టు లేకపోతే మీకు ముందుముందు ఎవరి నుంచి ఉత్తరం వస్తుందో, ఎవరి దగ్గర రసీదు తీసుకోవాలో ఏమీ తెలియదు.

ఇక లైసెన్సు సంగతి. టెక్సస్‌లో జనరల్ కాంట్రాక్టర్‌కి రాష్ట్ర లైసెన్సు అనేది లేదు, రూఫర్‌కీ లేదు. ఎలక్ట్రీషియన్లకు, ఏసీ వాళ్లకు టీడీఎల్‌ఆర్ అనే రాష్ట్ర శాఖ లైసెన్సు ఉంటుంది. ప్లంబర్లది వేరే బోర్డు. "లైసెన్స్‌డ్ కాంట్రాక్టర్" అని ట్రక్కు మీద రాసుంటే ఏ లైసెన్సో అడగండి.

మరో మాట, కాస్త ఇబ్బందిగానే చెబుతున్నాను. "మనవాడే అక్కా, మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ అతనే చేశాడు, కాగితాలెందుకు" అని వాట్సాప్ మెసేజ్ మీద ఎనభై వేల పని ఇచ్చేసేవాళ్లున్నారు. అతను మంచివాడే కావచ్చు. అతనికి టైలు ఇచ్చిన షాపువాడికి మీరు మనవాళ్లు కాదు.

డబ్బు ఇచ్చేటప్పుడు

ప్రాస్పర్‌లో ఒక స్విమ్మింగ్ పూల్ అనుకోండి. కాంట్రాక్టు 90,000 డాలర్లు. తవ్వకం, స్టీలు, గనైట్ (చిమ్మి వేసే కాంక్రీటు), టైలు-కోపింగ్, డెక్, ప్లాస్టర్ అని దశలు, ఒక్కో దశకీ ఒక డ్రా, అంటే ఒక వాయిదా చెల్లింపు. ఈ పనులేవీ పూల్ కంపెనీ తన మనుషులతో చేయదు. తవ్వేది ఒకరు, ఇనుము కట్టేది ఇంకొకరు, గనైట్ కొట్టేది మరొకరు. మీకు పూల్ కంపెనీ సేల్స్‌మన్ ఒక్కడే తెలుసు. పెరట్లోకి ప్రతివారం కొత్త ట్రక్కు వస్తూ ఉంటుంది. వచ్చిన ప్రతి ట్రక్కు మీద ఉన్న పేరు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోమని చెబుతుంటాను. లిస్టులో లేని పేరు కనిపిస్తే ఆరోజే అడగొచ్చు.

డ్రాలు ఎలా పెట్టారో మొదట చూడండి. గనైట్ అయ్యేసరికే ముప్పావు వంతు పైగా లాగేసుకునే కాంట్రాక్టులు నా చేతుల మీదుగా వెళ్లాయి. అప్పటికి మీ పెరట్లో ఉన్నది కాంక్రీటు గొయ్యి మాత్రమే. జరిగిన పనికి తగ్గట్టే డబ్బు వెళ్లేలా సంతకానికి ముందే మార్పించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది పది శాతం. పూల్ అయినా, కిచెన్ అయినా, ఇంకో గది వేసినా, కాంట్రాక్టు ధరలో, అంటే జరిగిన పని విలువలో, పది శాతం యజమాని తన దగ్గరే ఉంచుకోవాలి. పని మొత్తం పూర్తయ్యాక 30 రోజులదాకా దాన్ని ఇవ్వకూడదు. కాంట్రాక్టులో ఆ మాట లేకపోయినా చట్టం చెబుతోంది కాబట్టి వర్తిస్తుంది. ఈ పూల్‌కి ఆ మొత్తం 9,000 డాలర్లు.

దాని విలువ ఇలా తెలుస్తుంది. పూల్ అయిపోయింది, మీరు 81,000 కట్టారు, 9,000 ఆపుకున్నారు. కాంట్రాక్టర్ గనైట్ వాళ్లకి 13,000, డెక్ వాళ్లకి 8,000 ఎగ్గొట్టాడు. మొత్తం 21,000. అంతకుముందు మీకు ఎవరి నుంచీ నోటీసు రాలేదు. అలాంటప్పుడు వాళ్లిద్దరికీ మీ నుంచి దక్కేది ఆ 9,000 మాత్రమే. అది మీ చేతిలోనే ఉంది. మిగతా 12,000 కోసం వాళ్లు కాంట్రాక్టర్ వెంట పడాలి. ఇప్పుడు అదే కథలో మీరు మొహమాటపడి చివరి రోజున 90,000 మొత్తం కట్టేశారనుకోండి. అయినా ఆ 9,000 మేరకు మీ ఇల్లు వాళ్లకి పూచీ. అది జేబులోంచి తీసి రెండోసారి కట్టాల్సిందే. "పని నీట్‌గా చేశాడక్కా, పాపం మళ్లీ ఆపితే ఏం బాగుంటుంది" అని కట్టేసేవాళ్లే ఎక్కువగా దొరికిపోతారు. ఆపుకోవడం మీద మొహమాటం అక్కర్లేదు, పది శాతం గురించి తెలియని కాంట్రాక్టర్ ఈ రాష్ట్రంలో ఉండడు.

ఇక ప్రతి డ్రాకీ రిలీజ్ (లీన్ హక్కు వదులుకున్నట్టు రాసిచ్చే కాగితం) తీసుకోవాలి. టెక్సస్‌లో ఈ ఫారాలు చట్టంలోనే ఉన్నాయి, నాలుగు రకాలు. మధ్యలో కట్టే డబ్బుకి రెండు, చివరి చెల్లింపుకి రెండు. ఒక్కోదాంట్లో కండిషనల్, అన్‌కండిషనల్. కండిషనల్ అంటే డబ్బు అందాకే హక్కు వదులుకున్నట్టు. అన్‌కండిషనల్ అంటే డబ్బు అందింది, ఆ మేరకు హక్కు ఇప్పటికే వదిలేశాం అని. డబ్బు అందకుండా అన్‌కండిషనల్ మీద సంతకం పెట్టమని అడగడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే పద్ధతి ఇలా ఉంటుంది: మూడో డ్రా చెక్కు ఇచ్చేటప్పుడు ఆ డ్రాకి కండిషనల్ తీసుకోండి, దాంతోపాటు రెండో డ్రాకి అన్‌కండిషనల్ కూడా. కాంట్రాక్టర్ ఒక్కడి దగ్గర తీసుకుంటే చాలదు. ఆ దశలో పని చేసిన సబ్ దగ్గరా, సరుకు పంపిన సప్లయర్ దగ్గరా కావాలి. 2022 తర్వాతి కాంట్రాక్టులకు వీటి మీద నోటరీ కూడా అక్కర్లేదు. కాబట్టి "నోటరీకి టైం లేదు మేడం" అనే సాకు చెల్లదు. కాంట్రాక్టర్ సొంతంగా టైప్ చేసుకొచ్చిన "పెయిడ్ ఇన్ ఫుల్" కాగితం కాదు, చట్టంలో ఉన్న ఫారమే కావాలి.

గనైట్, విండోలు, ఉక్కు లాంటి పెద్ద మొత్తాలకు ఇంకో దారి ఉంది. చెక్కు మీద కాంట్రాక్టర్ పేరు, సప్లయర్ పేరు మధ్యలో "అండ్" పెట్టి రెండూ రాయండి. దాన్ని మార్చుకోవాలంటే ఇద్దరూ సంతకం చేయాలి. ముందే కాంట్రాక్టులో రాసుకుంటే గొడవ ఉండదు. జెల్‌లో (బ్యాంకు ఖాతాల మధ్య ఫోన్‌లోంచి డబ్బు పంపే పద్ధతి) వరసగా పంపేసి, ఏది ఏ దశకి పంపామో గుర్తులేక నా ముందు ఫోన్‌లో స్క్రోల్ చేసేవాళ్లని చూస్తుంటాను. జెల్‌లోనే పంపాల్సివస్తే కనీసం మెమోలో డ్రా నంబరు రాయండి. క్యాష్ ఇస్తే డిస్కౌంట్ అంటే వద్దనే చెప్పండి.

చివరి చెల్లింపు రోజున "ఫైనల్ బిల్స్ పెయిడ్" అఫిడవిట్ అడగండి. పని చేసినవాళ్లకీ సరుకు ఇచ్చినవాళ్లకీ మొత్తం కట్టేశానని, కట్టకపోతే ఎవరికి ఎంత బాకీ ఉందో కాంట్రాక్టర్ ప్రమాణం చేసి రాసిచ్చే కాగితమిది. అబద్ధం రాస్తే 4,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు, లేదా రెండూ. ఈ కాగితం మాట ఎత్తగానే కొందరికి అప్పటిదాకా గుర్తురాని పాత బాకీలు గుర్తొస్తాయి. అప్పుడు పది శాతం మీ దగ్గరుండటం ఎంత హాయో తెలుస్తుంది.

మీరు కట్టిన డబ్బు కాంట్రాక్టర్ సొంత డబ్బు కాదన్నది చాలామందికి తెలియదు. ప్రాపర్టీ కోడ్ 162వ అధ్యాయం ప్రకారం అది ట్రస్టు సొమ్ము. ఆ పని చేసినవాళ్లకి కట్టాకే మిగిలింది అతనిది. హోమ్‌స్టెడ్ మీద 5,000 డాలర్లు దాటిన కాంట్రాక్టు అయితే ఆ సొమ్మును విడి కన్‌స్ట్రక్షన్ ఖాతాలో ఉంచాలి. మీ డబ్బుతో ఇంకో ఇంటి బాకీ తీర్చడం నేరం కిందికి వస్తుంది, మోసం చేసే ఉద్దేశంతో చేస్తే ఫెలనీ, అంటే పెద్ద నేరం. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం మానేసినప్పుడు మీ లాయర్ మొదట ప్రస్తావించేది ఈ అధ్యాయాన్నే.

సర్టిఫైడ్ ఉత్తరం వస్తే

మెయిల్‌బాక్స్‌లో సర్టిఫైడ్ మెయిల్ స్లిప్పు కనిపిస్తే పోస్టాఫీసుకి వెళ్లి తెచ్చుకోండి. తెలియని కంపెనీ పేరుంది, ఏదో కలెక్షన్ గొడవ అని వదిలేస్తారు. తీసుకోనంత మాత్రాన నోటీసు రానట్టు లెక్క కాదు.

ఆ ఉత్తరం సబ్ కాంట్రాక్టరో సప్లయరో పంపే క్లెయిము నోటీసు: మీ ఇంటికి ఈ సరుకు ఇచ్చాం, మీ కాంట్రాక్టర్ మాకింత కట్టలేదు అని. అది అందిన దగ్గర్నుంచి, మీరు కాంట్రాక్టర్‌కి ఇంకా ఇవ్వాల్సిన డబ్బులోంచి ఆ మొత్తాన్ని ఆపుకునే హక్కు మీకుంది. హక్కు అని రాశాను గానీ, ఆపకపోతే నష్టం మీకే. ఉత్తరం వచ్చేనాటికి 25,000 ఇంకా కట్టాల్సి ఉందనుకోండి. నోటీసు 13,000కి. కాంట్రాక్టర్ "అదేం పట్టించుకోకండి, నేను సెటిల్ చేస్తా" అంటే మీరు మొత్తం 25,000 కట్టేశారు. ఆ 13,000కి ఇప్పుడు మీరు బాధ్యులు, పది శాతానికి పైన ఇది అదనం. అదే ఉత్తరం రాగానే 13,000 పక్కన పెట్టి ఉంటే, అతను సెటిల్ చేసి రిలీజ్ తెచ్చిన రోజున ఇచ్చేవాళ్లు. లేదా ఇద్దరి పేర్ల మీద చెక్కు రాసేవాళ్లు.

ఉత్తరం వచ్చాక మీరు చేయాల్సింది: కవరు మీద తేదీ చూసుకోండి, కవరుతో సహా దాచండి. కాంట్రాక్టర్‌కి ఫోన్‌తో సరిపెట్టకుండా ఈమెయిల్ రాయండి, ఇంత మొత్తం ఆపుతున్నానని, ఈ బాకీ నిజమో కాదో రాతలో చెప్పమని. సప్లయర్‌కి ఫోన్ చేసి ఇన్‌వాయిస్‌లు, డెలివరీ టికెట్లు అడగండి. టికెట్ల మీద అడ్రసు మీదేనా చూడండి. మీ వీధిలోనే ఇంకో పూల్ కడుతుంటే ఒకరి ట్రక్కు ఇంకొకరి లెక్కలో పడటం జరుగుతుంది.

గడువుల లెక్క ఒకసారి చూడండి. మీరు కాపురముండే ఇంటికి గనైట్ 2025 మార్చిలో వేశారు, ఆ కంపెనీ పని అంతటితో అయిపోయింది. పని చేసిన నెల తర్వాత రెండో నెల 15లోగా, అంటే మే 15లోగా నోటీసు పంపాలి. లీన్ అఫిడవిట్ మూడో నెల 15లోగా ఫైల్ చేయాలి. అది జూన్ 15. ఆ రోజు ఆదివారం కాబట్టి సోమవారం 16దాకా సమయం ఉంటుంది. ఫైల్ చేశాక అయిదు రోజుల్లో మీకు కాపీ పంపాలి. లీన్ మీద దావా వేయాలంటే, లీన్ వేయడానికి ఉన్న చివరి రోజు నుంచి ఏడాదిలోగా వేయాలి, అంటే 2026 జూన్ మధ్యకల్లా. ఆపుకున్న పది శాతం మీద క్లెయిములకు, నేరుగా మీతో కాంట్రాక్టు ఉన్నవాళ్లకు లెక్క వేరు. ఇంటివాళ్లకి లాయర్లు మొదట వెతికిపెట్టేది ఈ తేదీల్లో తప్పులే.

రికార్డులో మీరే వెతుక్కోవడం

పని అయిన కొన్ని నెలలకి ఒకసారి కౌంటీ క్లర్క్ వెబ్‌సైట్‌లో మీ ఇంటి రికార్డు చూసుకోండి. ఈసీ తీయించినట్టే, పైగా ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ముందు మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందో తేల్చుకోండి. ఫ్రిస్కో, ప్రాస్పర్ రెండూ కాలిన్, డెంటన్ కౌంటీల్లో విస్తరించి ఉన్నాయి. ఊరి పేరు చూసి కాలిన్ కౌంటీ కేంద్రమైన మెకిన్నీలో వెతికితే మీ కాగితం డెంటన్‌లో ఉండొచ్చు.

రికార్డులు పేరుతో వెతుకుతారు. మన పేర్లతో వచ్చే తంటా అదే. ఇంటిపేరు ముందా వెనకా, వెంకట సత్యనారాయణ అన్నది ఒక పదమా రెండా, పాస్‌పోర్ట్‌లో ఒకే పేరుండి వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని) పడిందా, సప్లయర్ టైప్ చేసినప్పుడు ఏ అక్షరం తిన్నాడు... ఒకే మనిషి రికార్డులో నలుగురుగా కనిపిస్తాడు. అన్ని రకాలుగానూ వెతకండి. అంతకంటే మంచిది, అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఇంటి పన్ను కోసం విలువ కట్టే ఆఫీసు) సైట్‌లో మీ అడ్రసు కొట్టి సబ్‌డివిజన్, బ్లాకు, లాటు రాసుకోండి, కౌంటీ సైట్‌లో వాటితో వెతకండి. పేరు తప్పు రాసినవాళ్లు కూడా లాటు నంబరు సరిగ్గానే రాస్తారు.

ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే ఈ పని ఇంకా ముందే చేయాలి. పాత సర్వే వాడుకోవాలంటే టీ-47 అఫిడవిట్ మీద సంతకం పెడతారు, సర్వే తర్వాత ఇంటికి ఏ మార్పూ చేయలేదని. పూల్ కట్టాక ఆ మాట ప్రమాణం చేసి చెప్పలేరు. మేం కూడా ఆ పనికి బాకీలేమైనా మిగిలాయా అని తప్పకుండా అడుగుతాం.

అద్దెకిచ్చిన ఇల్లు, వడగళ్లు, మిగతా రాష్ట్రాలు

మనవాళ్లలో సెలీనాలోనో, ఫోర్నీలోనో రెండో ఇల్లు కొని అద్దెకిచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అది హోమ్‌స్టెడ్ కాదు. భార్యాభర్తలిద్దరి సంతకం, ముందస్తు ఫైలింగ్ లాంటి రక్షణలు దానికి లేవు. ఫోన్‌లో మాట్లాడుకుని చేయించిన రూఫ్‌కి కూడా లీన్ పడుతుంది. యజమాని కాపురం లేని ఇల్లు కాబట్టి గడువులు కూడా ఎక్కువ: నోటీసుకి మూడో నెల 15, అఫిడవిట్‌కి నాలుగో నెల 15. అద్దె ఇంటికి పని చేయించేటప్పుడు రిలీజులూ, పది శాతమూ రెండింతలు జాగ్రత్తగా చూసుకోండి.

వడగళ్లవాన పడిన మర్నాడు తలుపు కొట్టే రూఫర్ "డిడక్టబుల్ మేమే చూసుకుంటాం" అంటే అక్కడే ఆపండి. 2019 చట్టం ప్రకారం డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ క్లెయిములో మీ వంతుగా కట్టాల్సిన మొత్తం) మాఫీ చేయడం టెక్సస్‌లో నేరం. టాబ్లెట్ మీద "ఇన్‌స్పెక్షన్‌కి మాత్రమే" అని పెట్టించుకునే సంతకం చాలాసార్లు పూర్తి కాంట్రాక్టే.

ఇదంతా టెక్సస్ లెక్క. కాలిఫోర్నియాలో సప్లయర్ పని మొదలుపెట్టిన 20 రోజుల్లో ముందస్తు నోటీసు పంపుతాడు, అది వస్తే గొడవ వచ్చినట్టు కాదు, మామూలు పద్ధతే. ఫ్లోరిడాలో నోటీస్ ఆఫ్ కమెన్స్‌మెంట్ అని యజమానే రికార్డు చేయాలి. న్యూజెర్సీలో ఇళ్ల మీద లీన్ వేసేముందు ఆర్బిట్రేషన్ మెట్టు ఒకటుంది. అక్కడివాళ్లు అక్కడి లాయర్‌నే అడగండి.

లీన్ పడిపోయాక

టెన్షన్ పడి వెంటనే కట్టేయకండి, వదిలేసి ఊరుకోనూ వద్దు. లాయర్ చూసేవి: గడువులు దాటాయా, హోమ్‌స్టెడ్ షరతులు తీరాయా, మీరు పది శాతం ఆపారా. లీన్ స్పష్టంగా చెల్లనిదైతే, కోర్టులో దావా నడుస్తుండగానే దాన్ని త్వరగా తీయించడానికి సమ్మరీ మోషన్ అనే దారి ఉంది. లీన్ దొంగదని తెలిసీ, మోసం చేయాలనే వేశారని రుజువైతే 10,000 డాలర్లు లేదా అసలు నష్టం, ఏది ఎక్కువైతే అది రాబట్టుకోవచ్చు. అమ్మకం ఆగిపోయే పరిస్థితిలో బాండు (బాకీకి హామీగా ఇచ్చే పూచీకత్తు) పెట్టి లీన్‌ని ఇంటి మీద నుంచి బాండు మీదికి మార్చవచ్చు. లీన్ 40,000 లోపయితే బాండు దానికి రెట్టింపు ఉండాలి. 13,000 లీన్‌కి 26,000 బాండు. వాళ్లకి నిజంగా బాకీ ఉందా లేదా అన్న వాదన తర్వాత తీరిగ్గా నడుస్తుంది, మీ క్లోజింగ్ ఆగదు.

సెటిల్ చేసుకుంటే మాత్రం డబ్బు వెళ్లే రోజునే రిలీజ్ సంతకం చేయించుకోండి. బాకీ తీరాక మీరు రాసి అడిగితే పది రోజుల్లో రిలీజ్ ఇవ్వాలని చట్టం. రిలీజ్ ఈమెయిల్‌లో పీడీఎఫ్‌గా వస్తే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. దాన్ని లీన్ ఉన్న అదే కౌంటీలో రికార్డు చేయాలి. లీన్ డాక్యుమెంట్ నంబరు అందులో సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోండి. రికార్డయిన కాపీ మీద కౌంటీ ముద్ర, కొత్త డాక్యుమెంట్ నంబరు ఉంటాయి. ఆ కాపీ మా ఆఫీసుకి వచ్చేదాకా షెడ్యూల్ సిలో ఆ లైను అలాగే ఉంటుంది.